చివరి పేరా

జూన్ 3

అక్కా,

ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకు రాస్తున్నానో నీకు తెలుసు. ఫోన్లో నీకు వినపడదు, స్పీకర్ పెడతావు. నేనిక్కడ గుసగుసలాడినా అక్కడ బావకీ, మేడ మీద అద్దెకున్నవాళ్ళకీ, మెట్లు ఊడ్చే ఆవిడకీ అంతా చేరిపోతుంది. పోయినసారి నా నడుం నొప్పికి ఆవిడ చిట్కా కూడా చెప్పి పంపింది. ఈ సంగతి అలా వీధిన పడకూడదు. చదివి, మడిచి, లోపల పెట్టెయ్.

నిన్న మన డేకేర్‌లో గొడుగుబాబు పడ్డాడు. మా దగ్గర ప్రతి పిల్లకీ ఒక బొమ్మ ఉంటుందని చెప్పాను కదా. చెప్పుల అర మీద, సంచీ తగిలించే కొక్కెం మీద, పడుకునే చాప మీద అదే బొమ్మ అంటిస్తాం. వాళ్ళకి పేరు చదవడం రాదు, బొమ్మ మాత్రం గుర్తుపడతారు. వీడికి గొడుగు. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక వీడు లేచి, చెప్పుల అర ఎక్కి, పట్టు తప్పి కింద బల్ల అంచు మీద పడ్డాడు. నుదుటి మీద బొప్పి కట్టింది. అంతకుమించి ఏమీ కాలేదు. డాక్టరు చూసి, ఐస్ పెట్టండి చాలు అన్నాడు.

అసలు సంగతి అది కాదు. ఆ టైంలో పిల్లల్ని చూడాల్సింది నేను. ఆయమ్మ ఇంకో పిల్లని బాత్రూంకి తీసుకెళ్ళింది. నేను దుప్పటి తేవడానికి లోపలి గదిలోకి వెళ్ళాను, ఆ దుప్పట్ల దొంతర మీద ఒక్క క్షణం తల ఆనించాను, నిద్రపట్టేసింది. వాడి ఏడుపుకే మెలకువ వచ్చింది. వాళ్ళమ్మ వచ్చి అడిగితే, నా కళ్ళ ముందే పడ్డాడండీ, పట్టుకునేలోపే జరిగిపోయింది అన్నాను. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో చూడు. ఆవిడ నన్నే ఓదార్చింది. అప్పటినుంచీ నాకు తిండి సహించడం లేదు.

ఇది నీకొక్కదానికే చెప్తున్నాను. మా ఆయనకి కూడా చెప్పలేదు. ఆయన పడుకుంటే గురకకి కిటికీలు అదురుతున్నాయి, మెలకువగా ఉంటే పేపరు చదువుతారు. ఈ రెంటి మధ్యలో ఎప్పుడు చెప్పాలి?

చర్చిలో ఆదివారం బడి పిల్లలకి నువ్వు చెప్పే కథ అందింది. బస్సులో సీటు ఇవ్వని కుర్రాడికి చివర్లో కాలు లేదని తేలడం బాగానే ఉంది కానీ, అంతకు ముందు కథలోనూ కాలే, దాని ముందు దాంట్లోనూ కాలే. నీ కథల్లో ఎవరైనా కోపంగా కనిపిస్తే చాలు, పాపం వీడికి కాలు పోయిందని నాకు ముందే తెలిసిపోతోంది.

నీ చెల్లి


జూన్ 9

చిట్టీ,

నీ ఉత్తరం చదివి రెండు పూటలు నా మనసు మనసులో లేదు. బొప్పితో పోయింది, అదే పదివేలు. నువ్వు చిన్నప్పటి నుంచీ అంతే, కూర్చున్న చోటే కునుకు తీసేదానివి. ట్యూషన్‌లో పలక మీద బుగ్గ పెట్టి నిద్రపోయి, అచ్చంతా మొహం మీద వేసుకుని ఇంటికి వచ్చావు, గుర్తుందా? అలసిపోయినవాళ్ళ మీద దయ చూపాలి గానీ నిందించకూడదు. నిన్ను నువ్వు తిట్టుకోకు. కానీ వాళ్ళమ్మకి నిజం చెప్పేస్తే నీకే తేలికవుతుంది. చెప్పడం నా బాధ్యత కనుక చెప్పాను.

ఇక్కడ నా చెవి మిషన్ ఈల వేయడం మొదలుపెట్టింది. పాటలు పాడేటప్పుడు ఊరుకుంటుంది, పాస్టరుగారు నిశ్శబ్దంగా ధ్యానించండి అనగానే కూ అంటుంది. అందరూ వెనక్కి తిరిగి చూస్తారు. బావేమో పక్కింటాయన బండి మన గేటుకి అడ్డం పెడుతున్నాడని రోజూ పొద్దున్నే యుద్ధానికి దిగుతున్నారు. ఎదుటివాడి కష్టం చూడండి అని నేనంటే, ముందు నా గేటు చూడు అంటారు.

నీ వెటకారం విన్నాక ఈసారి కథలో కాలు తీసేశాను. పలకరిస్తే పలకని పొరుగింటావిడ గర్విష్టి అని వీధంతా అనుకుంటుంది. చివరికి ఆవిడకి చూపు లేదని తెలుస్తుంది. పిల్లలు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. నీకు నచ్చుతుందో లేదో.

మరిదిగారి గురకకి చెవుల్లో దూది పెట్టుకో. నాలాగ మిషన్ తీసి పక్కన పెట్టే అదృష్టం నీకు లేదు.

ఇక ప్రార్థన సంగతి. నీ భారం మా చర్చి బుధవారం ప్రార్థన కూటంలో పెట్టాను. భయపడకు, నీ పేరు చెప్పలేదు. వేరే ఊళ్ళో పసిపిల్లల్ని చూసుకునే ఒక చెల్లెలు అలసి నిద్రపోవడం వల్ల ఒక బిడ్డకి దెబ్బ తగిలింది, ఆమె మనశ్శాంతి కోసం ప్రార్థించండి అని మాత్రమే అన్నాను. ఒక్కొక్కరూ లేచి ఎంత ఆసక్తిగా ప్రార్థించారో చెప్పలేను. ఆ దేవుడు నిన్ను కాపాడుగాక.

మీ అక్క


జూన్ 21

అక్కా,

ఉత్తరం అందింది. మంచి మాటలు చెప్పావు, కాస్త ఊపిరి తీసుకున్నాను. గుడ్డి పొరుగింటావిడ కూడా బాగుంది. కాలు పోయి కన్ను వచ్చింది, వచ్చే నెలకి ముక్కు చేరుకుంటావు.

వాళ్ళమ్మకి నిజం చెబుదామనే అనుకున్నాను. రేపు, ఎల్లుండి అనుకుంటూ ఉండగానే మొన్న పిడుగు పడింది. మా దగ్గర ఇద్దరు కవలలు ఉన్నారు, చేప బొమ్మలు. వాళ్ళ తల్లి నెమ్మదస్తురాలు, గట్టిగా మాట్లాడదు. సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్తూ, రేపటినుంచి రారండీ అంది. ఎందుకని అడిగాను. నేల చూస్తూ, పిల్లలు పడుతుంటే మీరు నిద్రపోతారట కదా, అయినా నేనేం అనుకోవడం లేదు, మీకు మంచి జరగాలనే కోరుకుంటున్నాను అంది. ఎవరు చెప్పారని అడిగితే, తెలిసిందండీ అని వెళ్ళిపోయింది.

ఆ గదిలో ఆ రోజు పెద్దవాళ్ళం ఇద్దరమే ఉన్నాం. నేను చెప్పలేదు. ఇక మిగిలింది ఎవరు? ఆయమ్మ నా దగ్గర ఈ గది తెరిచిన రోజు నుంచీ ఉంది. గోడలకి రంగులు ఇద్దరం కలిసి వేశాం. పిల్లల ఉచ్చగుడ్డలు ఎత్తినా మొహం చిట్లించని మనిషి. అలాంటిది వీధి చివర పాలబూత్ దగ్గర నిలబడి నా పరువు పంచిపెడుతోందంటే నమ్మబుద్ధి కావడం లేదు, నమ్మక తప్పడం లేదు. ఈ డేకేర్ తప్ప నాకంటూ ఏముంది అక్కా? ఒకళ్ళు మానేశారంటే చాలు, మిగతా తల్లులు గుమ్మంలో నిలబడి గదంతా కళ్ళతో వెతుకుతున్నారు.

ఇవాళ ఆయమ్మ మీద ఉత్తినే కసిరాను. పాలసీసా మూత సరిగ్గా పెట్టలేదని. మూత సరిగ్గానే ఉంది.

చెల్లి


జూన్ 27

చిట్టీ,

నీ ఉత్తరం చదువుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. నమ్మి పక్కన పెట్టుకున్న మనిషే ఇలా చేస్తే ఇక ఎవర్ని నమ్మాలి? కోపం తెచ్చుకోమని చెప్పను, క్షమించు. కానీ క్షమించడం వేరు, పక్కన ఉంచుకోవడం వేరు. నోరు అదుపులో లేని మనిషి పసిపిల్లల దగ్గర ఉండకూడదు. ఒక ఇంటి మాట ఇంకో ఇంట్లో పెట్టేవాళ్ళకి తాము చేసేది తప్పని కూడా తెలియదు, అదీ వాళ్ళ జబ్బు. పైగా జాలిపడుతున్నట్టే చెప్తారు. నేనైతే మర్యాదగా పిలిచి, చేతులు జోడించి, వెళ్ళిరమ్మంటాను.

దీని మీదే ఆదివారం పిల్లలకి ఒక కథ చెప్పాను. పనిమనిషి ఒకామె యజమానురాలి రహస్యాన్ని బావి దగ్గర చెప్తుంది, అది నోటినోటికీ పెరిగి చివరికి ఆ ఇల్లే కూలిపోతుంది. కాళ్ళూ కళ్ళూ అందరికీ బాగానే ఉన్నాయి, నువ్వు నవ్వక్కర్లేదు. మనల్ని మనం పరీక్షించుకోవాలి అని బోర్డు మీద రాసి అందరి చేతా చదివించాను.

చెవి మిషన్‌కి కొత్త బ్యాటరీ వేయించాను. ఈల ఆగింది గానీ ఇప్పుడు అందరూ తొట్టిలోంచి మాట్లాడుతున్నట్టుంది. పక్కింటాయన బండి తీశాడు. బావకి పొద్దున్నే ఏం చేయాలో తోచడం లేదు.

బుధవారం మళ్ళీ నీ విషయం ఎత్తారు. నేను ఎత్తలేదు, వాళ్ళే అడిగారు, ఆ చెల్లెలికి ఎలా ఉందని. కూటానికి వచ్చే కుట్టుమిషన్ ఆవిడ ప్రార్థనలో బిడ్డ తల పగిలిందని, కుట్లు పడ్డాయని ఏడ్చేసింది. నేను వెంటనే సవరించాను, కుట్లు కాదు, బొప్పేనని. పాస్టరమ్మగారి చుట్టాలావిడ ఒకరు మీ ఊళ్ళోనే ఉన్నారట, ఆమె కూడా మొదటి వారం నుంచీ ఉపవాసం ఉండి ప్రార్థిస్తోందట. చూశావా, నీకోసం ఎంతమంది మోకరిస్తున్నారో.

మీ అక్క


జూలై 8

అక్కా,

ఆయమ్మని పంపేశాను.

నువ్వు చెప్పినట్టు చేతులు జోడించలేదు. అంత నిదానం నాకు లేదు. సాయంత్రం తల్లులు పిల్లల్ని తీసుకెళ్ళే టైంలోనే, నక్షత్రం పాప వాళ్ళమ్మ, గొడుగుబాబు వాళ్ళ నాయనమ్మ అక్కడే ఉండగా, ఇక్కడి మాటలు బయట చెప్పేవాళ్ళు నాకు అక్కర్లేదు అన్నాను. ఆయమ్మ చాప మడుస్తోంది. ఏ మాటలమ్మా అంది. నేను నిద్రపోయానని చెప్పలేదా అన్నాను. ఆమె చాప వదిలేసి నావైపు చూసింది. మీరు నిద్రపోయారా? దుప్పట్లు వెతుకుతున్నారనుకున్నాను కదమ్మా అంది. అందరి ముందూ అంత అమాయకంగా నటిస్తుంటే నాకు ఇంకా మండింది. తాళంచెవి ఇచ్చేసి వెళ్ళమన్నాను. ఇచ్చేసింది. చెప్పుల అరలో ఆమె చెప్పుల పైన పువ్వు బొమ్మ ఉంటుంది, పిల్లలే అంటించారు. చెప్పులు తీసుకుంది, బొమ్మ ఉండిపోయింది.

వెళ్ళాక పరిస్థితి చక్కబడుతుందనుకున్నాను. చక్కబడటం కాదు కదా, మరుసటి రోజే గొడుగుబాబు వాళ్ళమ్మ వచ్చి నా మొహం మీదే అడిగింది, నా కొడుకు తల పగిలి కుట్లు పడ్డాయని వీధిలో అంటున్నారు, నా కొడుక్కి కుట్లు పడితే నాకు తెలియదా, మా అత్తగారు నిన్న ఇక్కడ ఏదో విన్నారట, అసలు ఆ రోజు మీరెక్కడున్నారు అని. చెప్పాను అక్కా. నిద్రపోయానని చెప్పాను. పోయిన నెల చెప్పి ఉంటే అది నిజం చెప్పడం అయ్యేది. ఇప్పుడు దొరికిపోవడం అయింది. ఆవిడ తిట్టలేదు. పిల్లాడి సంచీ కొక్కెం మీంచి తీసుకుని వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఒక్కదాన్నే చూసుకుంటున్నాను. ఒకరికి మూతి తుడుస్తుంటే ఇంకొకరు గోడ ఎక్కుతున్నారు. మానేసేవాళ్ళు మానేస్తూ ఉంటే త్వరలో తుడవడానికి మూతులు కూడా మిగలవు. నాకు అర్థం కానిది ఒక్కటే, బొప్పి కట్టడం ఆయమ్మ కళ్ళారా చూసింది. ఆమె చెప్పి ఉంటే బొప్పి అనే చెప్పాలి, కుట్లు ఎక్కడినుంచి వచ్చాయి? ఆమె నావైపు చూసిన చూపు కూడా పోవడం లేదు. నువ్వే ఏదైనా చెప్పు. నువ్వు చెప్తేనే కదా పంపింది.

చెల్లి


జూలై 13

చిట్టీ,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ అందరం బాగున్నాం. వాన పడి మేడ మీద నీళ్ళు నిలిచాయి, బావ చీపురు పట్టుకుని తోస్తున్నారు.

ఆయమ్మ సంగతి నేను కాస్త తొందరపడి రాశానేమో అనిపిస్తోంది. ఒకసారి ఇంటికి వెళ్ళి మాట్లాడి చూడకూడదా? మళ్ళీ పిలవకూడదా? మనకి తెలియని విషయాలు ఎన్నో ఉంటాయి. మనిషిని చూసి చెప్పలేం. కుట్ల గురించి ఎవరు అన్నారో నువ్వు పెద్దగా వెతకకు, వెతికితే ఏమొస్తుంది, మాట అన్నాక పెరుగుతూనే ఉంటుంది. నువ్వు మనసు కష్టపెట్టుకోకు, వేళకి తిను.

ఈ వారం కథ ఏమీ లేదు. పిల్లల చేత బొమ్మలు వేయించాను.

మీ అక్క


జూలై 19

అక్కా,

పోయిన నెల పంపేయమన్నావు, ఈ నెల పిలవమంటావు. నీ ఉత్తరం చదివి ముందు ఒళ్ళు మండింది, తర్వాత భయమేసింది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ నీ దగ్గర్నుంచి ప్రార్థన పేరా లేని ఉత్తరం రాలేదు. నీకు ఒంట్లో బాగాలేదేమో, దాస్తున్నావేమో అనుకున్నాను. నువ్వు మామూలుగా ఏం రాస్తావో చూద్దామని బీరువాలోంచి పాత ఉత్తరాలు తీశాను.

ఒక మాట ఒప్పుకోవాలి. నీ ఉత్తరాల్లో చివరి పేరా నేనెప్పుడూ చదవను. చదవకపోయినా తెలుసు కదా, ప్రార్థించాం, కాపాడుగాక. కథ దాకా చదివి, నవ్వుకుని, మడిచి పెట్టేస్తాను. మొన్న చదివాను. జూన్ 9 చదివాను. జూన్ 27 చదివాను. వంటగదిలో నిలబడే చదివాను, స్టవ్ మీద పాలు పొంగి పోయాయి.

పేరు చెప్పలేదట. నీకు ఉన్నది ఒక్క చెల్లెలు. ఆ చెల్లెలు పసిపిల్లల్ని చూసుకుంటుందని ఆ చర్చిలో గంట కొట్టేవాడికి కూడా తెలుసు. ఇంకా పేరెందుకు? కవలల తల్లి పాస్టరమ్మ చుట్టాలావిడే. వెళ్ళి అడిగాను. మీకోసం ఉపవాసం కూడా ఉన్నానండీ అంది. పిల్లల్ని మానిపించి, నాకోసం పస్తులుండి ప్రార్థిస్తోందట. నవ్వాలో ఏడవాలో తెలియక గుమ్మంలో నిలబడిపోయాను. వీధిలో ఎవరికీ చెప్పలేదట, ఇద్దరు తల్లుల్ని మాత్రం నాకోసం ప్రార్థించమని అడిగిందట. మీ అందరికీ ఒకటే బడి.

నీకు ఫోన్లో వినపడదని, నా మాట గోడ దాటకూడదని ఉత్తరం రాశాను. నువ్వు దాన్ని తీసుకెళ్ళి మైకులో పెట్టావు. పైగా నోరు అదుపులో లేని పనిమనిషి గురించి పిల్లలకి కథ చెప్పావు. మనల్ని మనం పరీక్షించుకోవాలని బోర్డు మీద రాశావు. ఆ బోర్డు ఎవరివైపు తిరిగి ఉంది అక్కా?

నిన్నొక్కదాన్నే అని లాభం లేదు, నా సంగతీ చెప్తాను. నేను నిద్రపోయానని ఆయమ్మకి తెలియనే తెలియదు. ఆ రోజు ఆమె ఆ మాట అన్నప్పుడే నేను ఆగి ఆలోచిస్తే అర్థమయ్యేది, ఆమెకి తెలియని సంగతి ఆమె ఎలా చెప్తుంది? నేను ఆగలేదు. తప్పు నాది కాబట్టి, దాన్ని మోయడానికి ఇంకో మనిషి దొరికితే చాలనుకున్నాను. దొరికింది.

ఆమె ఇంటికి వెళ్ళాను. లాండ్రీ షాపు పైన ఒక గది. ఇస్త్రీ చేస్తోంది, ఇప్పుడు ఆ షాపు బట్టలే ఇస్త్రీ చేస్తోందట. కూర్చోమనలేదు. నిలబడే అంతా చెప్పాను. ఆమె చొక్కా కాలర్ తిప్పి ఇస్త్రీ చేసి, మడిచి, పక్కన పెట్టి అప్పుడు మాట్లాడింది. "నన్ను అన్నది అందరి ముందు కదమ్మా. ఇప్పుడు తలుపు వేసుకుని తప్పయిందంటే నాకేం ఉపయోగం? పాలబూత్ దగ్గర నన్ను చూసి మొహం తిప్పుకునేవాళ్ళకి మీ మాట వినపడదు కదా." వచ్చేశాను.

నాకు ఇప్పట్లో ఉత్తరం రాయకు. ప్రార్థన అసలే వద్దు.

చెల్లి


ఆగస్టు 2

చిట్టీ,

రాయొద్దన్నావు. రాయకుండా ఉండటానికి ఇన్ని రోజులు ప్రయత్నించాను. కోపం వస్తే చించెయ్.

కుట్లు అన్న మాట నీ ఉత్తరంలో చూసినప్పుడే నాకు తెలిసిపోయింది. కుట్టుమిషన్ ఆవిడ ఏడుపు గుర్తొచ్చింది. అప్పుడే చెప్పాల్సింది. చెప్పకుండా వాన గురించీ, బావ చీపురు గురించీ రాశాను. ఆ రోజు ప్రార్థన పేరా రాయడానికి చెయ్యి రాలేదు, అంతే. మంచితనం వల్ల కాదు, సిగ్గు వల్ల.

పోయిన బుధవారం కూటంలో లేచి నిలబడ్డాను. ప్రార్థన పేరుతో నేను మా చెల్లెలి గుట్టు పదిమందిలో పెట్టాను, దానివల్ల ఏ పాపం తెలియని ఒక మనిషి పని పోయింది, మీరెవరూ ఇకపై ఆ మాట ఎత్తొద్దు అని చెప్పాను. తర్వాత పాస్టరమ్మగారు కళ్ళు తుడుచుకుని, ఎంత విరిగిన మనసమ్మా, అందరం లేచి ఈ అక్కచెల్లెళ్ళు కలవాలని ప్రార్థిద్దాం అన్నారు. కుట్టుమిషన్ ఆవిడ నా చెయ్యి పట్టుకుని, ఇంతకీ మీ చెల్లెలు ఏమంది, ఆ పని పోయినామె ఇప్పుడు ఎక్కడుంది, వివరంగా చెప్తే భారంగా ప్రార్థిస్తాం అంది. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. అదే నిమిషంలో, చిట్టీ, లాండ్రీ షాపు సంగతి నా నాలుక చివరిదాకా వచ్చింది. ఇంత జరిగాక కూడా వచ్చింది. మింగేసి కూర్చున్నాను.

ఇంటికి వచ్చి ఎందుకు వచ్చిందా అని ఆలోచించాను. చెవులు పోయిన దగ్గర్నుంచీ నాతో ఎవరూ ఎక్కువ మాట్లాడరు. రెండుసార్లు చెప్పాల్సి వస్తుందని, నవ్వి తల ఊపి వెళ్ళిపోతారు. పెళ్ళిళ్ళలో గోడ పక్కన కుర్చీ నాది. కానీ బుధవారం నా దగ్గర ప్రార్థన అంశం ఉంటే అందరూ కుర్చీలు దగ్గరికి జరుపుకుంటారు. గట్టిగా, నెమ్మదిగా, నా మొహం చూస్తూ మాట్లాడతారు. నీ కష్టం పెట్టి నేను ఆ కుర్చీలు దగ్గరికి జరిపించుకున్నాను. నీ మీద జాలి నిజమే, దాని కింద ఇదీ ఉంది. ఇన్నేళ్ళుగా పిల్లలకి కథలు చెప్తున్నాను, నా కథల్లో చెడ్డవాళ్ళంతా బావి దగ్గరే ఉన్నారు, ఒక్కళ్ళూ మోకాళ్ళ మీద లేరు.

పాస్టరమ్మగారి దగ్గర అడ్రసు తీసుకుని ఆ కవలల తల్లికి నేనే రాశాను, ఆయమ్మకి ఇందులో ఏ సంబంధం లేదని, తెలిసినవాళ్ళందరికీ అదే చెప్పమని. జవాబు రాలేదు. కూటానికి వెళ్ళడం మానను, కానీ నోరు తెరవను. బావ అడిగారు, నీకు ఒంట్లో ఎలా ఉందని.

చివరి పేరా దాటేయకు. దీంట్లో ప్రార్థన లేదు. నీ ఉత్తరాలన్నీ మళ్ళీ మొదటినుంచీ చదివాను. నిద్రపోయానని నువ్వు రాస్తే, నేను నీ చిన్నప్పటి పలక గురించి జోకు వేశాను. నిద్రపోయిందని పదిమందికి చెప్పాను. నిద్రపోయిందని పదిమందీ ఏడ్చారు. ఒక్కరం కూడా ఒక్క మాట అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. పట్టపగలు, పిల్లలు చుట్టూ ఉండగా, పని అంటే ప్రాణం పెట్టే నా చెల్లెలికి అంత నిద్ర ఎందుకు వచ్చింది?

అక్క


ఆగస్టు 10

అక్కా,

ఈసారి చివరి పేరాయే ముందు చదివాను. చదివి, తలుపు గడియ పెట్టుకుని చాలాసేపు ఏడ్చాను. తర్వాత పైనుంచి చదివాను. కోపం ఇంకా ఉంది, తగ్గిందని అబద్ధం చెప్పను. పెళ్ళిళ్ళలో ఆ గోడ పక్క కుర్చీలో నిన్ను వదిలేసి పోయేవాళ్ళలో నేనూ ఉన్నాను, అదీ గుర్తొచ్చింది.

సోమవారం సాయంత్రం తల్లులంతా వచ్చే టైంకి గుమ్మంలో నిలబడి చెప్పేశాను. నిద్రపోయింది నేను, అబద్ధం చెప్పింది నేను, ఆయమ్మ ఎవరికీ ఏమీ చెప్పలేదు, ఆమెకి తెలియదు కూడా అని. నక్షత్రం పాప వాళ్ళమ్మ పాపని ఎత్తుకుని వెళ్ళింది, మర్నాడు తీసుకురాలేదు. మిగతావాళ్ళు తెచ్చారు. అక్కడినుంచి పాలబూత్‌కి వెళ్ళి అక్కడా అదే చెప్పాను. పాలబూత్ ఆయన, ఇవన్నీ నాకెందుకమ్మా అన్నాడు. అయినా చెప్పాను.

గురువారం ఆయమ్మ వచ్చింది. క్షమించానని అనలేదు. చెప్పుల అర దగ్గరికి వెళ్ళి, పువ్వు బొమ్మ ఇంకా ఉందో లేదో చూసుకుని, చెప్పులు విడిచింది. పొద్దున ఇస్త్రీ, మధ్యాహ్నం నుంచి ఇక్కడ అంది. సరేనన్నాను. పిల్లలు ఆమె కాళ్ళకి చుట్టుకుపోయారు. నాతో ఇంకా ముభావంగానే ఉంది.

నువ్వు అడిగినదానికి జవాబు. మీ మరిది గురక నీకు నవ్వులాట, మొన్నటిదాకా నాకూ అంతే. ఈ మధ్య అది మధ్యలో ఆగిపోతోంది అక్కా. గురక ఆగిందంటే ఊపిరి కూడా ఆగుతోంది. గదంతా నిశ్శబ్దమైపోతుంది. మళ్ళీ ఒక్కసారి ఉలిక్కిపడ్డట్టు గాలి పీల్చుకుంటారు. ఆ మధ్యలో నేను మంచం మీద లేచి కూర్చుని వింటూ ఉంటాను. ఒకవేళ మళ్ళీ మొదలుకాకపోతే లేపాలి కదా. ఏప్రిల్ నుంచీ ఇంతే. డాక్టరు దగ్గరికి రమ్మంటే విసుక్కుంటారు, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నారు. మొన్న నీ ఉత్తరం ఆయన చేతికే ఇచ్చి చివరి పేరా చదవమన్నాను. పేపరు పక్కన పెట్టి చదివారు. మంగళవారం ఆస్పత్రికి వెళ్తున్నాం.

నాకు చాలా భయంగా ఉంది. ప్రార్థన వద్దన్నాను కదా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మంగళవారం పొద్దున నువ్వొక్కదానివే, తలుపు వేసుకుని, చెవి మిషన్ తీసి పక్కన పెట్టి, లోపల్లోపల ప్రార్థించు.

చెల్లి